పూర్ణకుంభం బౌద్ధులదా, వైదికులదా?

కృష్ణలంక కుర్రాడు:
మొన్న మా అక్కావాళ్ళ గృహప్రవేశం. పాలు పొంగించాక టిఫిన్ల దగ్గర మా బాబాయి, మా బావ పట్టుకున్నారు. పూర్ణకుంభం అమరావతి స్తూపం దగ్గర పుట్టిన బౌద్ధుల గుర్తనీ, తర్వాత మనవాళ్ళు పూజల్లోకి లాక్కున్నారనీ బావ వాదన. బాబాయి ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేసి "కలశస్య ముఖే విష్ణుః, కంఠే రుద్రః" అంటూ శ్లోకం మొత్తం చదివేశారు. ఇద్దరూ ఇంకా మాట్లాడుకోవట్లేదు. ఎవరిది రైటు? వాట్సాప్‌లో తిరిగే ముక్కలు మాత్రం వద్దు, ప్లీజ్.

రాళ్ళపిచ్చి:
నా ఓటు మీ బావకే. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి ఫలకాల ముందు ఓ పూటంతా నిలబడ్డవాణ్ణి. గుండ్రటి బొజ్జ కుండ. మూతిలోంచి తామరలు, విచ్చినవి, మొగ్గలు, ఆకులు, లోపల పట్టనట్టు రెండు పక్కలకీ ఒరిగి ఉంటాయి. కొబ్బరికాయ లేదు, జాకెట్టు ముక్క లేదు. దాదాపు 1,800 ఏళ్ళ కిందటి ఉలి పని. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త రాజముద్ర చేయించుకున్నప్పుడు నడిమధ్యన పెట్టిన పూర్ణఘటం ఈ అమరావతి శిల్పానిదే. ఇంత సాక్ష్యం కళ్ళముందు పెట్టుకుని శ్లోకాలు చదివితే ఏం లాభం?

పాతపంచాంగం:
రాయి దొరికిన చోటే పుట్టుక అంటే ఎలాగండీ? మట్టికుండ పగిలి మట్టిలో కలిసిపోయింది, రాయి మిగిలింది, అంతే తేడా. అధర్వవేదం మూడో కాండలో 12వ సూక్తం ఇల్లు కట్టుకునేటప్పటిది. అందులో "పూర్ణం నారి ప్ర భర కుంభమేతం" అని ఉంది. అమ్మా, ఈ నిండుకుండను ముందుకు తీసుకురా, నేతిధార తీసుకురా అని ఇల్లాలితో అంటున్నారు. మీ అక్కగారింట్లో మొన్న జరిగింది ఇదే కదా! ఋగ్వేదంలో ఇంద్రుడికి సోమరసం ఇచ్చే చోట కూడా "ఆపూర్ణో అస్య కలశః" అని వస్తుంది. స్తూపాలకంటే ఎంతో ముందటి మాటలివి.

అయితే మీ బాబాయిగారికీ ఒక మాట చెప్పాలి. ఆయన చదివింది వేదమంత్రం కాదు, పూజావిధానాల్లో ఉండే తర్వాతి కాలపు శ్లోకం. దాంతో పాతదనం రుజువు కాదు. అన్నట్టు జైనుల్లో 19వ తీర్థంకరుడు మల్లినాథుడి గుర్తు కలశమే. మీరిద్దరే పంచుకుంటే వాళ్ళెక్కడికి పోవాలి?

లాల్‌దర్వాజ కోడలు:
అందరూ పుస్తకం, మ్యూజియం అంటున్నారు. ఒక్కరన్నా కుండ నెత్తిన పెట్టుకున్నారా? ఆషాఢంలో మా అత్తమ్మ కొత్తకుండ కడిగి, ఎండబెట్టి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెడుతుంది. పాలు, బెల్లం వేసి వండిన అన్నం అందులోకి. మెడకు వేపమండలు, పైన మూకుడు, దానిమీద దీపం. మొదటి ఏడు నాకు మెడ పట్టేసింది, నూనె కారి చెవిలోకి పోయింది, అయినా చెయ్యి వదలలేదు. బోనం అంటే భోజనమే. దీనికి మంత్రం లేదు, అయ్యగారు లేడు. అమ్మకు అన్నం తీసుకుపోతున్నాం, అంతే. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం చూసినవాళ్ళకు తెలుసు, భవిష్యవాణి చెప్పే ఆమె నిలబడేది పచ్చికుండ మీద, కాల్చనిది. దాన్ని ఏ మతం ఖాతాలో రాస్తారన్నా?

రాళ్ళపిచ్చి:
మేడమ్, బోనం గురించి ఎవరూ కాదనలేదు. చర్చ పూర్ణకుంభం మీద.

లాల్‌దర్వాజ కోడలు:
నిండుకుండ నెత్తిన పెట్టుకుని ఆడమనిషి నడవడం పూర్ణకుంభం కాకపోతే ఇంకేంటి? పైన ఆ వేదం ముక్కలో ఉన్నది కూడా ఆమే కదా. చదివి మీరే మర్చిపోయారు.

ఘటాకాశం:
కొంచెం లోతుకి వెళ్దాం. కలశానికి మనం ముఖం, కంఠం, కుక్షి అని ఒంటి పేర్లే పెట్టాం. అగస్త్యుడు కుంభసంభవుడు. అద్వైత గురువు గౌడపాదుల కారికల్లో, అంటే ఆయన శ్లోకాల్లో, కుండలోని ఆకాశం జీవుడికి పోలిక. కుండ పగిలితే లోపలిది బయటిదాంట్లో కలిసిపోతుంది. శ్మశానంలో భుజాన కుండ పెట్టుకుని చితి చుట్టూ తిరుగుతుంటే వెనక నుంచి చిల్లులు పొడవడం, చివర్న పగలగొట్టడం అందుకే. కాబట్టి కలశమంటే మన దేహమే.

కృష్ణలంక కుర్రాడు:
అన్నా, గృహప్రవేశం గురించి అడిగితే శ్మశానానికి తీసుకెళ్ళారేంటి 😅 అక్క చదివిందంటే నా పని అయిపోతుంది.

పాతపంచాంగం:
ఆయన చెప్పిందాంట్లో పనికొచ్చేది ఉంది. రెండుచోట్లా కుండ ఒకటే. ఒకచోట నిండుగా ఉంచుతాం, ఇంకోచోట కావాలని కార్చేస్తాం. అంటే ఒక్క దేహం అని తేల్చేస్తే సరిపోదు, అసలు సంగతి నిండటం దగ్గరుంది. ఊరెళ్తుంటే ఖాళీ బిందె ఎదురొస్తే మా నాయనమ్మ వెనక్కి పిలిచి కూర్చోబెట్టేది, నిండుబిందె అయితే "పద పద" అనేది. ఆవిడకి అమరావతీ తెలీదు, అధర్వవేదమూ తెలీదు.

రాళ్ళపిచ్చి:
నాయనమ్మగారి మాట ఒప్పుకుంటున్నాను. పైగా మీరు నిండటం అంటున్నారు గానీ, ఆ ఫలకంలో కుండ నిండి ఊరుకోలేదు, పొర్లుతోంది. గృహప్రవేశంలో పాలు గిన్నె అంచుదాకా వస్తే చాలదు, పొంగి పొయ్యిమీద పడాల్సిందే కదా? ఆ శిల్పి ఇంట్లోనూ చూసుంటాడు. బౌద్ధులు పుట్టించారు అన్న మాట వెనక్కి తీసుకుంటాను. కానీ దాన్ని అంత అందంగా చెక్కించుకున్నది స్తూపానికి, అది మాత్రం వదలను. ఇక కలశం మీదికి తామర పోయి కొబ్బరికాయ ఎలా వచ్చిందో ఎవరైనా చెప్పండి.

లాల్‌దర్వాజ కోడలు:
తామర ఎక్కడికీ పోలేదు. కొబ్బరికాయ కింద మామిడాకులు ఎందుకు పెడతారు మరి? కుండలోంచి పచ్చగా ఏదో ఒకటి బయటికి రావాలి. మాకైతే వేపాకు.

కృష్ణలంక కుర్రాడు:
ఈ థ్రెడ్ బావకీ బాబాయికీ పంపించాను. బాబాయి చదివి, "శ్లోకం వేదం కాదని చెప్పిన ఆయన ఎవరు, ఫోన్ నంబర్ కనుక్కో" అన్నారు. బావ ఇంకా చూడలేదు. అక్క మాత్రం చూసింది. బిందె ఇత్తడిది, పది లీటర్లు, మోసింది నేను, నన్నెవరూ ఏమీ అడగలేదేంటి అంటోంది.