బాల్ పైథాన్‌కి మేత ట్యాంక్‌లోనే పెట్టాలా, వేరే టబ్‌లోనా?

డాలస్_పైథాన్:
మాది 420 గ్రాముల బాల్ పైథాన్ (పెంపుడు కొండచిలువ). ట్యాంక్‌లో మేత పెడితే చెయ్యి పెట్టినప్పుడల్లా ఎలుకే అనుకుని కరుస్తుందని, వేరే టబ్‌లో పెట్టమని అమ్మినవాళ్లు చెప్పారు. టబ్‌లో వేస్తే ఉండచుట్టుకుని ఎలుకను ముట్టదు. ట్యాంక్ అడుగున కొబ్బరిపొట్టు ఉంది, అది మింగుతుందేమోనని భయం.

కుబుసం:
ట్యాంక్‌లోనే పెట్టండి. బాల్ పైథాన్ దాక్కుని కాపు కాసి పట్టే జాతి. తెలియని టబ్‌లో, దాక్కునే చోటు లేకపోతే బెదురుతుంది, మేత ముట్టదు. అసలు కాటు ప్రమాదం మేత తిన్న వెంటనే ఎత్తి ట్యాంక్‌లోకి మార్చేటప్పుడే ఎక్కువ. అప్పుడింకా వేట ఊపులోనే ఉంటుంది. పైగా నిండు కడుపుతో కదిలిస్తే కక్కేస్తుంది. తిన్నాక 48 గంటలు ముట్టుకోకండి. వెచ్చటి వైపు 31–32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, చల్లబడితే అరగదు.

చెయ్యి అంటే మేత అనుకోకుండా ఉండటానికి పాములను ఎత్తే కొక్కెం అలవాటు చేయండి. పట్టుకునే ప్రతిసారీ ముందు కొక్కెంతో తల వైపు కాకుండా నడిమి ఒంటిని మెల్లగా తాకి, కాసేపు ఆగి, అప్పుడు ఎత్తండి. మేత రోజు కొక్కెం బయటికి తీయొద్దు. కొన్ని వారాల్లో తేడా పసిగడుతుంది.

కొబ్బరిపొట్టు కొద్దిగా లోపలికి పోయినా మలంలో వచ్చేస్తుంది. ఎలుక తడిగా ఉంటేనే ఎక్కువ అంటుకుంటుంది. పేపర్ టవల్‌తో ఒత్తి ఆరబెట్టి, ఒక పలకరాయి మీద అందించండి.

డాలస్_పైథాన్:
ధన్యవాదాలండీ. ఎలుక సైజు, వేడి ఎలా చూసుకోవాలి?

పటకారు30:
ఈ బరువుకి 40 గ్రాముల పిల్ల ర్యాట్, పది రోజులకోసారి. పాము ఒంట్లో లావైన చోటును మించి లావుండకూడదు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఎలుకను ముందు రాత్రి ఫ్రిజ్‌లో కరగనివ్వండి. పెట్టే ముందు జిప్ కవర్‌లో వేసి వేడి కుళాయి నీళ్లలో అరగంట. పొట్ట నొక్కితే లోపల గట్టిగా తగలకూడదు. ఈ జాతి పెదవుల గుంటలతో వేడిని పసిగడుతుంది కాబట్టి ఎలుక ఒళ్లు 38–40 డిగ్రీలు ఉంటేనే పడుతుంది. మైక్రోవేవ్ వద్దే వద్దు: ఒకచోట ఉడికి, ఇంకోచోట గడ్డగానే ఉండి, పొట్ట పగులుతుంది. 30 సెంటీమీటర్ల పటకారుతో తుంటి దగ్గర పట్టుకుని, తల పాము వైపు ఉంచండి.

వేరుచేసి పెట్టాల్సిన సందర్భం ఒకటుంది: ఒకే ట్యాంక్‌లో కలిపి పెంచే, చేపలు తినే గార్టర్ పాములు. ఒకే చేపను రెండు చివరలా పట్టుకుంటే ఒకటి రెండోదాన్ని మింగబోతుంది.

కుబుసం:
ఇంకోమాట. టబ్‌లో తినడానికి అలవాటుపడ్డ పాముకైతే టబ్‌నే ట్యాంక్‌లో ఉంచి మూత తీసేయండి, తిన్నాక అదే బయటికొస్తుంది. ఎప్పుడైనా కక్కితే రెండు వారాలు ఆగి, సగం సైజుతో మొదలుపెట్టండి. రెండోసారీ కక్కితే సరీసృపాల వెట్‌కి చూపించాల్సిందే.