ఇంటర్‌లో 976, బీటెక్ ఫస్ట్ సెమ్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి, నేను చదివే పద్ధతే తప్పా?

ఈసీఈ_ఫస్ట్‌ఇయర్
అందరికీ నమస్తే. మాది పల్నాడు వైపు పల్లెటూరు. ఇంటర్ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివా, 1000కి 976 వచ్చాయి. మొన్న బీటెక్ ఫస్ట్ సెమ్ రిజల్ట్స్ వస్తే మ్యాథ్స్, ఫిజిక్స్, బీఈఈఈ (బేసిక్ ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) మూడూ పోయాయి. చదవలేదు అంటే ఒప్పుకునేవాణ్ణే, కానీ ఎగ్జామ్స్ ముందు పది రోజులు రాత్రి రెండింటి దాకా కూర్చున్నా, ఫిజిక్స్ నోట్స్ నాలుగు సార్లు తిరగేశా, పసుపు హైలైటర్ పడని లైన్ లేదు, చదువుతుంటే అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది, హాల్లో పేపర్ చూడగానే ఇది నోట్స్‌లో కుడివైపు పేజీలో ఉంది అని కూడా గుర్తొస్తోంది, రాయబోతే రెండు లైన్ల తర్వాత ఏమీ రావట్లేదు. నాన్న ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. ఎలా చదవాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మియాపూర్_అక్క
తమ్ముడూ, నాకూ ఫస్ట్ ఇయర్‌లో రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, ఇప్పుడు జాబ్ చేస్తున్నా, కాబట్టి ముందు భయపడకు. ఇంటర్‌లో నీకు 976 ఎలా వచ్చాయో ఒకసారి ఆలోచించు. స్టడీ అవర్స్‌లో కూర్చున్నందుకే అనుకుంటాం గానీ, వారం వారం వీకెండ్ టెస్ట్ పెట్టేవాళ్ళు కదా, పుస్తకం మూసి రాయడం అనే పని నీ చేత వాళ్ళే చేయించారు. బీటెక్‌లో ఆ టెస్టులు ఆగిపోయాయి, సెమ్ మధ్యలో పెట్టే రెండు మిడ్ ఎగ్జామ్స్ తప్ప ఏమీ లేవు, నీ దగ్గర చదవడం ఒక్కటే మిగిలింది. నీ బుర్రకేం కాలేదు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు స్టూడెంట్స్ మీద దీన్నే చూశారు. కొంతమంది ఒక పాఠాన్ని నాలుగు సార్లు చదివారు, ఇంకొంతమంది ఒక్కసారి చదివి మూడు సార్లు చూడకుండా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత అడిగితే వాళ్ళకి 40 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకి 61. రాత్రి రెండింటికి "వచ్చేసింది" అనిపిస్తుందే, అది ఆ ఐదు నిమిషాల లెక్క.

మ్యాథ్స్_లెక్చరర్
నేను ఇంజినీరింగ్ కాలేజీలో మ్యాథ్స్ చెప్తాను. పై అమ్మాయి చెప్పింది నిజం, మ్యాథ్స్‌లో అయితే ఇంకా నిజం. బోర్డు మీద మ్యాట్రిక్స్ చాప్టర్‌లోని కేలీ హామిల్టన్ థీరమ్ సమ్ చేస్తుంటే అందరూ తలలూపుతారు, అదే సమ్ మర్నాడు మ్యాట్రిక్స్‌లో ఒక్క అంకె మార్చి ఇస్తే సగం మంది మొదట రాయాల్సిన క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ దగ్గరే ఆగిపోతారు. చేసేసిన సమ్‌ని చదవకు బాబూ, ప్రశ్న మాత్రం తెల్ల కాగితం మీద దింపుకుని నోట్స్ మూసెయ్. ఇంకో మాట, మిడ్ పేపర్లు దిద్ది ఇస్తే ఎక్కువమంది మార్కు చూసి మడిచి బ్యాగులో పెట్టేస్తారు. ఏ స్టెప్‌లో పోయిందని అడగడానికి వచ్చేది ఇద్దరో ముగ్గురో, వాళ్ళు సెమ్ చివర ఎక్స్‌టర్నల్స్‌లో ఫెయిలవడం నేను దాదాపు చూడలేదు.

తెలుగు_మీడియం
అన్నీ కరెక్టే గానీ పద్ధతి ఒక్కటే సరిపోదండి. నేను టెన్త్ వరకు తెలుగు మీడియం, పైగా డే స్కాలర్‌ని, బస్సులోనే రోజూ మూడు గంటలు పోయేవి, ఇంటికొచ్చాక కళ్ళు మూతలు పడేవి. అలాంటోళ్ళని పట్టుకుని చదవడం రాదు అంటే అన్యాయం. నాకు పనికొచ్చింది ఏంటంటే, ఆరోజు క్లాసులో చెప్పింది బస్సులో పుస్తకం తీయకుండా తెలుగులో నాకు నేనే చెప్పుకునేవాణ్ణి, ఎక్కడ ఆగిపోతే అది ఇంటికెళ్ళాక చూసేవాణ్ణి, ఆ తర్వాతే ఇంగ్లీషులో రాసేవాణ్ణి. అర్థం కాకుండా బట్టీ పట్టిన ఇంగ్లీషు లైన్ ఒక్క పదం మర్చిపోతే మొత్తం పోతుంది.

ఈసీఈ_ఫస్ట్‌ఇయర్
అందరికీ చాలా థాంక్స్. ఇందాకే ఫిజిక్స్‌లో న్యూటన్స్ రింగ్స్ (గాజు పలక మీద లెన్స్ పెడితే కనిపించే వెలుగు, చీకటి వలయాలు) చదివి నోట్స్ మూసి రాశా, బొమ్మ వచ్చింది, ఫార్ములా వచ్చింది, మధ్యలో చుక్క నల్లగా ఎందుకుంటుందో మాత్రం రాయలేకపోయా. నాలుగు సార్లు చదివిన టాపిక్ అక్కా అది, ఆ లైన్‌కి హైలైటర్ కూడా ఉంది.

మియాపూర్_అక్క
ఆ ఒక్క లైన్ ఇప్పుడు చూడు, కింది గాజు పలక మీద పడి వెనక్కి వచ్చే కిరణానికి సగం వేవ్‌లెంగ్త్ తేడా ఎక్కడ కలుస్తుందో. చూసి మూసెయ్. రేపు పొద్దున ఏమీ చదవకముందే మళ్ళీ రాయి, తర్వాత ఆదివారం ఇంకోసారి. సప్లీ ఫీజు డేట్ మాత్రం మర్చిపోకు.