అందరూ గొప్పదన్న పుస్తకం మీకెలా అనిపించింది? ఉన్నదున్నట్టు చెప్పండి

పేజీమడత:
ఈ ఏడాది చదివినవాటి గురించి మొహమాటం లేకుండా రాస్తున్నా, మీరూ రాయండి. సగంలో వదిలేసిందేది, మళ్లీ మళ్లీ చదివిందేది, కథలూ నవలలూ కాకుండా చదవాల్సిందేది. ఈ మూడూ చెబితే చాలు.

విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు మూడోసారి మొదలుపెట్టి మూడోసారీ వదిలేశాను. పసిరిక అనే పిల్లాడు వచ్చే పేజీలు ఎన్నిసార్లయినా చదువుతాను, కానీ నాయకుడు ధర్మారావు చర్చలు మొదలయ్యేసరికి నాకు ఊపిరాడదు. కాలాతీత వ్యక్తులు నాలుగోసారి చదివా. ఇరవై రెండేళ్లప్పుడు ఇందిర మీద కోపమొచ్చింది. ఇప్పుడు నలభై దాటాక చూస్తే ఆ ఇంటిని ఈదుకొస్తున్నది ఆ పిల్లే కదా, కృష్ణమూర్తి, ప్రకాశం వీళ్లెవరికీ ఆమెలో సగం ధైర్యం లేదు కదా అనిపించింది. శ్రీదేవిగారు డాక్టరు, రాసింది ఈ ఒక్క నవల, ముప్పై రెండు నిండకుండానే పోయారు. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

నామిని మిట్టూరోడి కథలు బాగున్నాయి గానీ చిత్తూరు యాస అడ్డం పడింది. పేజీ కింద మాటలకు అర్థాలిస్తే బాగుండేది.

బడిపంతులు_రిటైర్డ్:
అమ్మా, నేను ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను, వేయిపడగలు ఐదుసార్లు పూర్తిగా చదివాను, కాబట్టి చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను. అది కళ్లతో పరిగెత్తించే పుస్తకం కాదు. విశ్వనాథవారు ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాసిన పుస్తకం. నోటితో చెప్పినదాన్ని చెవితో వినాలి. రోజుకు పది పేజీలు పైకి చదవండి, వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలుస్తుంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజుగారి నారాయణరావు నవలతో కలిపి బహుమతి ఇచ్చారు. పీవీ నరసింహారావుగారు అంత పుస్తకాన్నీ హిందీలోకి సహస్రఫణ్ అని తెచ్చారు. ఊరికే తేలేదు కదా. మూడుసార్లు వదిలేశానని అంత తేలిగ్గా రాయకండి.

సీమపిల్లోడు:
వేయిపడగల సంగతి అట్లుంచండి. "యాస అడ్డం పడింది" అన్న మాటకు నాకు జవాబు కావాల.

మాది చిత్తూరు పక్క పల్లె. శ్రీపాద వారి ఆత్మకథ అనుభవాలూ జ్ఞాపకాలూనూ చదివినప్పుడు గోదావరి పక్క పొలమూరు మాటలు, ఆ ఇళ్లలో మాటలు నాకు సగం తెలీదు. అప్పచ్చులంటే పిండివంటలని నాకు ఏ పేజీ కిందా రాసి లేదు. ఎవర్నో అడిగి తెలుసుకున్నా, తెలుసుకుని సంతోషపడినా. అది తెలుగు, మాది యాస, ఎట్లా? నామినిలో గెనిమ అంటే గట్టు, బోకులంటే గిన్నెలు, ఎనుము అంటే మీ గేదె. రెండు పేజీలు చదివితే సందర్భంలోనే అర్థమైపోతుంది. మా అమ్మ మాట్లాడినట్టే అచ్చులో కనబడిన మొదటి పుస్తకం నాకు అది. డిగ్రీలో ఉన్నప్పుడు బస్టాండులో నిలబడి చదివి ఏడ్చినా. దానికి అర్థాల పట్టీ కావాలంటే నాకు కోపం రాదా?

గోదారిగట్టు:
తమ్ముడూ, ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? అర్థం కాలేదని నిజాయితీగా చెప్పారు. ఉన్నదున్నట్టు చెప్పమనే కదా చర్చ పెట్టింది. అర్థాలిస్తే ఇంకో పదిమంది చదువుతారు, దాంతో పుస్తకానికి మేలే గానీ అవమానమేం కాదు. ప్రతిదాన్నీ ప్రాంతాల గొడవ చెయ్యొద్దు.

ఓరుగల్లు_బిడ్డ:
గొడవ ఎవరు చేస్తున్నరన్నా? నేను ఆరో తరగతిల "మా ఇల్లు" మీద వ్యాసం రాసిన. మా బర్రె రోజుకు ఆరు లీటర్లు పాలిస్తదని రాస్తే సారు ఎర్రసిరాతో బర్రె కొట్టేసి పైన గేదె అని రాసిండు. నోట్‌బుక్కు ఇంటికి తీస్కపోతే మా నాయిన అడిగిండు, గేదె ఎవరిదిరా అని. ఇది ముప్పై ఏండ్ల కింద ముచ్చట, ఆ పేజీ నా కండ్ల ముందట్నే ఉన్నది. మీకు ఒక మాట అర్థంగాకపోతే పుస్తకంల లోపమైతది. మాకు అర్థంగాకపోతే మా చదువుల లోపమైతది.

దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు చదవండి. గడి, వెట్టి, ఆడబాప. ఆ మాటలకు కింద అర్థం రాస్తే ఒక లైన్ వస్తది, వనజ బతుకు రాదు. నవలంతా చదివితేనే ఆడబాప అంటే ఏందో తెలుస్తది.

బడిపంతులు_రిటైర్డ్:
ఓరుగల్లు నాయనా, ఆ ఎర్రసిరా నేనూ వాడాను. మీ బడిలో కాకపోయినా ఇంకో బడిలో, ఇంకో పిల్లవాడి పుస్తకంలో. అప్పట్లో అదే సరైన పని అనుకున్నాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ పిల్లలు గుర్తొస్తున్నారు.

డల్లాస్_అమ్మ:
యాస సంగతి మీరు చూసుకోండి, నా గోడు వేరే. ఏడుతరాలు కాలేజీలో ఉన్నప్పుడు ఒక్క రాత్రిలో చదివాను, అలెక్స్ హేలీ రూట్స్‌కి సహవాసిగారి అనువాదం. అంతకంటే నన్ను కుదిపేసిన పుస్తకం లేదు. ఇక్కడికి వచ్చాక లైబ్రరీలో ఇంగ్లీషుది తీసుకుంటే ఇటుకంత ఉంది! ఆఫ్రికా కుర్రాడు కుంటా కింటేని బానిసగా పట్టుకుపోవడానికి ముందే ముప్పై అధ్యాయాలు దాటిపోతాయి. మేకలు కాయడం, తమ్ముడితో ఆటలు, ఊళ్లో పంటల కాలం, అంతా నిదానంగా సాగుతుంది. ఆ ఊరిని అంతసేపు చూశాం కాబట్టే అతను దూరమైనప్పుడు మన గుండె ఆగిపోతుంది. నేను చదివింది కుదించిందని నాకన్నేళ్లూ తెలియదు. పాఠకుణ్ణి నమ్మి మొత్తం ఇవ్వాలి. ఇవ్వలేకపోతే మానెయ్యాలి.

స్టీల్‌ప్లాంట్_శ్రీను:
మానెయ్యాలా? అక్కా, ఆ మాట వెనక్కి తీసుకోండి. మా నాన్న జూట్ మిల్లులో పనిచేశారు, చదువు ఏడో తరగతి. షిఫ్టు దిగొచ్చి, అన్నం తిని, లైటు కింద కూర్చుని ఏడుతరాలు చదివారు. రోజుకి నాలుగైదు పేజీలు. చదివిందంతా మర్నాడు మాకు కథలా చెప్పేవారు. ఇటుకంత పుస్తకం, ఆ ధర, ఆయన చేతికి వచ్చేది కాదు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు అలా చిన్నగా, చవగ్గా వేశారు కాబట్టే కుంటా కింటే మా ఇంట్లోకి వచ్చాడు. మీకు లైబ్రరీలో రెండోది దొరికింది, సంతోషం. ఆయనకి ఉన్నది ఈ ఒక్కటే.

డల్లాస్_అమ్మ:
శ్రీనూ, మానెయ్యాలి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. మొత్తం అనువాదం కూడా ఉండాలన్నది మాత్రం తీసుకోను.

గోదారిగట్టు:
కథలు కాకుండా ఏం చదవాలని అడిగారు, దానికి ఒక్కరూ చెప్పలేదు. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర తెచ్చుకోండి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా చేసినాయన 1830 మేలో చెన్నపట్నం నుంచి బయల్దేరి, కాశీ దాకా వెళ్లి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. వెంట వందమంది దాకా మనుషులు, పల్లకీలు, మోసే బోయీలు. పుణ్యక్షేత్రాల వర్ణన అనుకుని నేను పదేళ్లు పక్కన పెట్టాను, ఎంత పొరపాటో! దిగిన ప్రతి ఊళ్లో నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లు ఉన్నాయా, దారి రాళ్లా ఇసుకా, ఇవన్నీ రాశారు. రైలు రాకముందు మన దేశం ఎలా ఉందో కాళ్లకింద తగులుతుంది. భాష పాతది, మొదటి ముప్పై పేజీలు ఓపిక పట్టండి.

సీమపిల్లోడు:
చూసినారా అన్నా, దానికి ముప్పై పేజీలు ఓపిక పట్టమంటున్నారు. నామినికి రెండు పేజీలు పట్టండి అన్నదే నా మాట.

గోదారిగట్టు:
ఆ మాట ఒప్పుకుంటున్నా తమ్ముడూ. తెప్పించుకుంటాను, చదివి ఇక్కడే రాస్తా.

పేజీమడత:
నేను రాసిన ఒక్క ముక్క ఇంతమందిని నొప్పిస్తుందనుకోలేదు. పేజీ కింద అర్థాలు ఇప్పటికీ కావాలనే అంటాను, కానీ శ్రీపాద వారికీ ఇవ్వాలి, నామినికీ ఇవ్వాలి. నిన్న రాత్రి మాస్టారు చెప్పిన పద్ధతిలో మిట్టూరోడి కథల్లో ఒకటి మా అబ్బాయికి పైకి చదివాను. కళ్లకు అడ్డం పడినవి నోటికి పడలేదు. ఒక్క గెనిమ దగ్గరే వాడు ఆపి అడిగాడు, చెప్పాను.

ఇంకో సాయం కావాలి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కాలాతీత వ్యక్తులు పాత ప్రతి కొన్నాను, స్నేహితురాలికి ఇద్దామని. ఇంటికొచ్చి తిరగేస్తే 176 తర్వాత 193 ఉంది. ఒక ఫారం మొత్తం కుట్టులో పడలేదు. ఆ పదహారు పేజీలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

ఓరుగల్లు_బిడ్డ:
ముద్రణ ఏదో చూడండక్కా, పేజీ నంబర్లు మారుతయి. 176 ఆఖరి లైను, 193 మొదటి లైను ఫొటో పెట్టండి. మా ఇంట్ల రెండు ముద్రణలున్నయి, సరిపోయినదాంట్లకెళ్లి ఫొటోలు తీసి రాత్రికి పంపుత.