అలుగు అలిగితే ఉండ... ఆ తరువాత?

వైట్‌ఫీల్డ్ కడపోడు: మావాడు పోకెమాన్ ఆడుతూ శాండ్‌ష్రూని చూపించి "నాన్నా, దీన్ని తెలుగులో ఏమంటారు?" అన్నాడు. అలుగు (ఒళ్లంతా పొలుసులుండే పాంగొలిన్) అన్నాను. అనగానే మా జేజి మాట గుర్తొచ్చింది. "అలుగు అలిగితే ఉండ, చెరువు అలిగితే..." చివరి మాట రావడం లేదు. రెండు రోజుల నుంచి ఒకటే టెన్షన్. ఎవరైనా విన్నారా?

అరసున్న: అది తరువాత. మీ జేజి అలుగు అన్నారా, అలుఁగు అన్నారా? నేనుండేది చెన్నైలో. ఇక్కడ దీన్ని అళుంగు అంటారు (ఆ ళ మన నోటికి పలకనిది). వాళ్ల తూంగు మనకు తూఁగు అయినట్టు ఇదీ అలుఁగు కావాలి. అంటే జంతువుకు అరసున్న ఉంది, కోపానికి లేదు. రెండూ వేరు మాటలు.

వైట్‌ఫీల్డ్ కడపోడు: జేజికి చదువు రాదు సార్. అరసున్న నోటితో ఎలా పలుకుతారు?

చెరువుగట్టు: చివరి మాట "గండి" కాదని మాత్రం చెప్పగలను. చెరువుకు అలుగు కట్టేదే గండి పడకుండా. ఎక్కువైన నీళ్లు దాని మీదుగా పోతాయి, కట్ట నిలుస్తుంది. మా ఊళ్లో అలుగు పారితే గంగపూజ చేసేవాళ్లు. కాబట్టి "పండగ" అయ్యుంటుంది. ఇక్కడ బెంగళూరులో "కెరె కోడి బిద్దిదె" (చెరువు అలుగు పారింది) అని బాగిన, అంటే వాయనం, ఇస్తారు. మొదటిసారి విని కోడి చెరువులో పడిందనుకున్నాను!

పద్యాల పిచ్చి: చెరువు అలగడం వేరు, అలుగు పారడం వేరండీ. "అలుగుటయే యెరుంగని" పద్యం మరిచారా? ధర్మరాజు అలిగితే సాగరాలన్నీ ఏకమవుతాయంటాడు కృష్ణుడు. జేజి నాటకం చూసి కట్టిన మాట ఇది. తిరుపతి వేంకట కవుల పద్యం, ఆ రాగం, ఆ ఒన్స్‌మోర్‌లు... మీసాల మీద కూడా పద్యం చెప్పిన మగాళ్లు వాళ్లు!

అరసున్న: ఆ పద్యంలోని అలుగుటకూ అరసున్న లేదు, గమనించారా.

గేమ్‌పిల్ల: అంకుల్స్, ముందు అది అలుగేనా? ఒంటి మీద ఇటుకల గీతలు చూస్తే ఆర్మడిల్లోలా ఉంటుంది. నాలుక కూడా పొడుగు కాదు.

వైట్‌ఫీల్డ్ కడపోడు: అలుగే తల్లీ. అది పెద్దదైతే శాండ్‌స్లాష్, జపాన్ ఆటలో దాని పేరు శాండ్‌పాన్. ఆ పాన్ పాంగొలిన్‌దే అని నా వాదన. ఆ మాటకు మూలం మలయ్ భాషలో చుట్టుకునేది అని. అంటే ఉండే! ఇంగ్లీషువాళ్లేమో పొలుసుల జంతువుకి చుంచు పేరు తగిలించారు. 2016లో వచ్చిన ఆటల్లో దాన్ని మంచుకొండ మీదికి పంపి ఉక్కు తొడిగారు. అదే ఏడాది జొహన్నెస్‌బర్గ్‌లో దేశాలన్నీ కూర్చుని ఎనిమిది జాతుల అలుగుల వ్యాపారం ఆపాలని తీర్మానించాయి. అసలు అలుగు పొలుసు మన గోరులాంటిదే, ఉక్కు కాదు పాపం. పులి వస్తే ఉండ చుట్టుకుంటుంది. మనిషి వస్తే ఆ ఉండనే సంచిలో వేసుకుపోతాడు.

గేమ్‌పిల్ల: సరే, ఒప్పుకున్నా. కన్నడలో చిప్పుహంది అంటారు. పేరంటే అదీ!

చెరువుగట్టు: పందేమిటమ్మా, అది పందా?

వైట్‌ఫీల్డ్ కడపోడు: ఇప్పుడే ప్రొద్దుటూరులో మా మేనత్తకు ఫోన్ చేశాను. "అలుగు ఎక్కడిదిరా? అమ్మ అన్నది అల్లుడు అలిగితే ఉండ అని. సంక్రాంతికి మీ మామ అలిగి కూర్చుంటే చేతిలో ఉండ పెట్టి అనింది" అంది.

పద్యాల పిచ్చి: మరి చెరువు?

వైట్‌ఫీల్డ్ కడపోడు: ఆమెకూ గుర్తు లేదంట.

అరసున్న: సున్నుండా, నువ్వులుండా?