గరువు భూముల్లో ఇంధన గడ్డి: విశాఖ ప్రాంతానికి మేలా, భారమా?

చోడవరం రైతు

అందరికీ నమస్కారం. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 500 బయోగ్యాస్ ప్లాంట్ల కోసం రిలయన్స్‌తో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 65,000 కోట్లు అన్నారు. మొదటిదానికి 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి వైపు శంకుస్థాపన జరిగింది. ఆ గ్యాస్ తీయడానికి బీడు భూముల్లో నేపియర్ గడ్డి, అంటే పశువులకు వేసే పొడవాటి మేత గడ్డి, పెంచడం ఆ ఆలోచనలో భాగం. అప్పటినుంచి మా వైపు టీకొట్ల దగ్గర కూడా ఇదే మాట. అమెరికాలో ఇంధనం కోసం పెంచి చూసిన స్విచ్‌గ్రాస్ అనే గడ్డి వీడియోలు కూడా తిరుగుతున్నాయి. నీళ్లు పెద్దగా అక్కర్లేదు, ఎరువు తక్కువ, ఒకసారి వేస్తే పదేళ్లు కోసుకోవచ్చు అంటున్నారు.

మాకు చెరకు ఆసరా పోయింది. జిల్లాలో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గరువులో, అంటే నీటి వసతి లేని మెట్ట భూమిలో, సరుగుడు వేసి ఎదురుచూస్తున్నాం. విశాఖ, అనకాపల్లి, అల్లూరి జిల్లాలు మూడింటికీ కలిపి ఒక ప్రణాళిక వేసి, ఇలాంటి గడ్డి, దానికో ఫ్యాక్టరీ తెస్తే మంచిదేనని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

గాజువాక ఇంజనీర్

నేను పూర్తిగా అనుకూలం. ఇవాళ మన పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అది వచ్చేది చెరకు నుంచి, బియ్యం నుంచి, మొక్కజొన్న నుంచి. తినే గింజను బండికి పోస్తున్నాం. గడ్డి అయితే ఆ బాధ లేదు. 2008లో అమెరికాలోని నెబ్రాస్కా, ఉత్తర, దక్షిణ డకోటా రాష్ట్రాల్లో పది మంది రైతుల పొలాల్లో కొలిచిన ఫలితాలు వచ్చాయి. స్విచ్‌గ్రాస్ పెంచడానికి, ఇంధనంగా మార్చడానికి పెట్టిన శక్తి కంటే 540 శాతం ఎక్కువ శక్తి వస్తుందని తేలింది. పెట్రోల్‌తో పోలిస్తే కర్బన ఉద్గారాలు 94 శాతం తక్కువని లెక్కగట్టారు. వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు పోతాయి, మట్టిని కొట్టుకుపోనివ్వవు. మనకు 1957 నుంచి రిఫైనరీ ఉంది, పోర్టు ఉంది. తయారైన ఇంధనాన్ని ఎక్కడికో మోసుకుపోనక్కర్లేదు. ఇంతకంటే అనువైన ఊరు రాష్ట్రంలో ఇంకోటి లేదు.

విత్తనం

ఇంజనీర్ గారు చెప్పిన అంకెలు నిజమే, కానీ అవి ఆ నేలవి, ఆ చలివి. నేను వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. స్విచ్‌గ్రాస్‌కు ఎరువు ఎందుకు తక్కువ పడుతుంది? అక్కడ శరదృతువు చివర గడ్డకట్టే మంచు పడి మొక్క పైభాగం ఎండుతుంది. ఎండేటప్పుడు ఆకుల్లోని నత్రజని చాలావరకు వేళ్లలోకి దిగిపోతుంది. అప్పుడు ఏడాదికి ఒక్క కోత కోస్తారు. కోసిన గడ్డితో నేల బలం పెద్దగా బయటికి పోదు. విశాఖలో ఆ మంచు ఎక్కడిది?

ఇంకోటి, అది పగటి పొడవును బట్టి పూతకొచ్చే మొక్క. ఉత్తరాది రకాన్ని దక్షిణానికి తెచ్చి వేస్తే త్వరగా పూసేస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది, దిగుబడి పడిపోతుంది. మన దగ్గర ఎంత పెద్ద పగలైనా 13 గంటలకు అటూ ఇటూనే.

నేపియర్ మన వాతావరణానికి సరిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ దాని తీరు వేరు. రెండు నెలలకోసారి పచ్చిగా కోస్తాం, కోసిన ప్రతిసారీ నత్రజని పోతుంది, నీళ్లు కావాలి. స్విచ్‌గ్రాస్ వీడియో చూపించి నేపియర్ వేయిస్తే రైతు మోసపోతాడు. మన ఏజెన్సీలో పండే సామలు కూడా స్విచ్‌గ్రాస్ కుటుంబంలోదే, పానికం జాతి. ఏ నీళ్లూ పెట్టకుండా మనిషికి తిండి, పశువుకు మేత రెండూ ఇస్తుంది. ఆ పంటకు మద్దతు ధర అడిగేవాళ్లు లేరు.

లారీ ఆఫీసు, అనకాపల్లి

నాకు మొక్కల సంగతి తెలీదు, రవాణా తెలుసు. హర్యానాలో పానిపట్‌లో 2022 ఆగస్టులో వరిగడ్డితో ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ మొదలుపెట్టారు. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్ అని దాని లెక్క. అలాంటిది ఒక్కటి మన దగ్గర పెడితే 10 టన్నుల లారీలు ఏడాదికి 20,000, అంటే రోజుకు 55 రావాలి. గడ్డి తేలిక, బండి నిండుతుంది కానీ 10 టన్నుల బరువు తూగదు. కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే. చోడవరం, మాడుగుల రోడ్ల మీద ఎదురుగా రెండు లారీలు వస్తే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

భూమి లెక్క కూడా వేశాను. ఎకరాకు 4 టన్నుల ఎండుగడ్డి అనుకుంటే 50,000 ఎకరాలు కావాలి. ఇంజనీర్ గారు చెప్పిన ఆ పది పొలాల్లో హెక్టారుకు 5 నుంచి 11 టన్నులే వచ్చింది, అంటే ఎకరాకు 2 నుంచి నాలుగున్నర. నేను పైఅంకెకు దగ్గరగానే తీసుకున్నాను.

పైగా మనకు అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కప్పులే ఎగిరిపోయాయి. ఆరుబయట పేర్చిన గడ్డి కట్టలు నిలుస్తాయా?

పాడేరు మాస్టారు

50,000 ఎకరాలన్నారు కదా, నా గుండె అక్కడే ఆగింది. అంత భూమి పల్లంలో దొరకదు. ఏ ప్రణాళిక వేసినా చివరికి అందరి చూపూ కొండ వైపే తిరుగుతుంది. మ్యాపులో బంజరు అని రాసి ఉంటుంది. ఆ బంజరులో మా పిల్లలు మేకలు తోలుకెళ్తారు. ఆడవాళ్లు కట్టెలు ఏరుతారు, కొండచీపుర్లు, అడ్డాకులు తెస్తారు. పోడు చేసుకునే కుటుంబానికి చోళ్లు, సామలు అక్కడే పండాలి. వీటిలో ఏదీ రెవెన్యూ రికార్డులో ఆదాయంగా కనిపించదు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కంపెనీలకు లీజులు కూడా చెల్లవంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తులు ముందు తేల్చాలి. గ్రామసభ ఒప్పుకోవాలి, అది కూడా కాగితం మీద సంతకాలు పెట్టించుకోవడం కాదు, కూర్చోబెట్టి మా మాటలో వివరించాలి. సర్కారు తుమ్మ కూడా ఒకప్పుడు బీడు నేల పచ్చబడాలని, వంటచెరకు దొరకాలనే తెచ్చారు. ఈరోజు చెరువుల్లో, మేత భూముల్లో అదే పాతుకుపోయింది, పీకించే దిక్కు లేదు.

చోడవరం రైతు

మాస్టారూ, కొండ జోలికి పోకూడదన్నది నేను ఒప్పుకుంటాను. నేను అడిగింది మా పట్టా గరువు గురించి. సరుగుడు వేస్తే మూడు నాలుగేళ్లు చేతికి డబ్బు రాదు, నరికే సమయానికి కాగితం మిల్లు చెప్పిందే రేటు. గడ్డికి ఏటా కౌలు ఇస్తామంటే చిన్న రైతు ఎందుకు వద్దంటాడు? ఆ కోణం కూడా చూడండి.

విత్తనం

చూడాలి రైతు గారూ, మీ కష్టం అబద్ధం కాదు. అందుకే కొనేవాడు ఎన్నాళ్లు ఉంటాడన్నది ముందు అడగమంటున్నాను. అమెరికాలో 2007 చట్టం గడ్డి, పీచు పదార్థాల నుంచి 2022కల్లా ఏడాదికి 1,600 కోట్ల గ్యాలన్ల ఇంధనం రావాలంది. దాని దరిదాపులకు కూడా వెళ్లలేదు. టెనెసీ రాష్ట్రం 7 కోట్ల డాలర్లు కేటాయించి రైతుల చేత సుమారు 5,000 ఎకరాల్లో స్విచ్‌గ్రాస్ వేయించింది. అక్కడి నమూనా ఫ్యాక్టరీ కొన్నేళ్లకే ఆగిపోయింది. అయోవాలో మొక్కజొన్న చొప్పతో నడిచే పెద్ద ఫ్యాక్టరీని డ్యూపాంట్ 2015లో తెరిచి 2017లో మూసేసింది. గడ్డి పూర్తి దిగుబడికి రావడానికే మూడేళ్లు పడుతుంది. మన దగ్గర అడవి ఆముదం, కానుగ చూశాం కదా. వాటి గింజల నూనెతో చేసిన ఇంధనాన్ని 2017కల్లా డీజిల్‌లో 20 శాతం కలుపుతామన్నారు. ఆ చెట్లు నాటినవాళ్ల గింజలు కొన్నదెవరు?

గాజువాక ఇంజనీర్

సరే, కొత్తగా పంట వద్దంటే వ్యర్థాలతో మొదలుపెడదాం. వరిగడ్డి, చెరకు పిప్పి ఉన్నాయి కదా?

బెల్లం గానుగ

ఇంజనీర్ బాబూ, మా వైపు వరిగడ్డి వ్యర్థం కాదండి. పంజాబులోలాగా మేం తగలబెట్టం, కుప్ప వేసుకుని ఏడాదంతా ఆవులకు, గేదెలకు పెడతాం. అది ఫ్యాక్టరీకి పోతే పాల ఖర్చు పెరుగుతుంది, చిన్న ఇంట్లో ఉన్న ఒక్క పాడీ అమ్ముకోవాల్సి వస్తుంది. పిప్పి కూడా అంతే. అనకాపల్లి మార్కెట్‌కు వచ్చే బెల్లమంతా ఆ పిప్పి పొయ్యి మీద కాగిందే. దాన్ని మీరు పట్టుకుపోతే మేం కట్టెలు కొనాలి. నిజంగా ఎవరికీ అక్కర్లేనిది కావాలంటే సిటీలో హోటళ్ల దగ్గర, రైతు బజార్ల దగ్గర కుళ్లిపోయే తడి చెత్త ఉంది, రోజూ కాపులుప్పాడ పోతోంది. గ్యాస్ దానితో తీయండి, మిగిలిన బురద ఎరువుగా మాకు ఇవ్వండి.

చోడవరం రైతు

ఆ మాట బాగుందమ్మా. గడ్డి విషయంలో నా షరతులు ఇప్పుడు రాస్తున్నాను. ఫ్యాక్టరీ మూసినా కనీసం ఐదేళ్ల కౌలు బ్యాంకులో ముందే డిపాజిట్ చేయాలి. గడ్డి తీసేసి భూమిని మళ్లీ దుక్కికి తెచ్చే ఖర్చు కంపెనీదే. బోరు నీళ్లు వాడకూడదు. కౌలుకు చేసేవాడికి కూడా వాటా ఉండాలి, లేకపోతే భూమి ఉన్న నాకే డబ్బు, దున్నేవాడు ఊరొదిలి పోతాడు. ఇవి లేకుండా సంతకం పెట్టమని మా ఊళ్లో ఎవరికీ చెప్పను.

విత్తనం

ఇంకొకటి కలపండి. అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ముందు అక్కడ, ఒకటి రెండు ఊళ్ల గరువుల్లో మూడేళ్లు వేసి చూడాలి. నీళ్లు ఎంత తాగింది, మట్టిలో ఏం తగ్గింది, తుపాను తర్వాత ఎంత మిగిలింది అన్నవి ఊరివాళ్ల ముందే కొలవాలి.

గాజువాక ఇంజనీర్

మూడేళ్లంటే పెట్టుబడి పెట్టేవాళ్లు పక్క రాష్ట్రానికి పోతారు. పరీక్ష, చిన్న ప్లాంటు రెండూ ఒకేసారి మొదలుపెట్టాలన్నదే నా మాట.

చోడవరం రైతు

పోతే పోనివ్వండి సార్. మూడేళ్లు ఆగలేనివాడికి పదేళ్లకు భూమి ఎలా రాసివ్వమంటారు? తడి చెత్త ప్లాంటు సంగతి మాత్రం ఆపక్కర్లేదు, దాని మీద సిటీ వాళ్లు ఇక్కడే వేరే చర్చ మొదలుపెట్టండి, నేనూ వస్తాను.