మొదటి మైక్ సెకండ్‌హ్యాండ్‌లో కొనొచ్చా, చిన్నదైనా కొత్తదే కొనాలా?

రాత్రి_రికార్డింగ్:
అందరికీ హాయ్. ఇంట్లో పాడుకుని రికార్డ్ చేసుకోడానికి మైక్ కావాలి, చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే వస్తుంది, అది కూడా పెద్ద బ్రాండ్ కొత్తది కాదు. మా బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడేమో వాడేసిన షూర్ ఎస్ఎం58 ఎక్కడ దొరికినా కళ్ళు మూసుకుని కొనెయ్ అంటాడు. మా అన్నయ్యేమో ఎవడి ఉమ్మి పడిందో తెలీని మైక్ నీకెందుకురా, అదే డబ్బుకి కొత్త కండెన్సర్ మైక్ (కరెంట్ మీద పనిచేసే సున్నితమైన రకం) వస్తుంది వారంటీతో సహా అంటాడు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నా. గది మామూలు గది, ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, గోడలు బోడిగా ఉంటాయి. మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల చిన్న ఇంటర్‌ఫేస్ ఒకటి ఉంది. ఏం చెయ్యమంటారు?

పాతసామాను_ప్రేమి:
మీ డ్రమ్మర్ కరెక్ట్. ఎస్ఎం58 వచ్చింది 1966లో, ఎస్ఎం57 దానికి ఏడాది ముందు, ఇవాళ్టికీ రెండూ తయారవుతూనే ఉన్నాయి అంటే ఊరికే కాదు కదా. ఇవి డైనమిక్ రకం, లోపల ఏముంది చెప్పు, శబ్దానికి అదిరే పల్చటి డయాఫ్రమ్, దానికి అంటించిన సన్నతీగ చుట్ట, ఒక అయస్కాంతం, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. కరెంట్ అక్కర్లేదు, బోర్డ్ లేదు, ఎండిపోడానికి కెపాసిటర్లు లేవు. జాలీ సొట్టపోతే జాలీ మార్చుకోవచ్చు, కార్ట్రిడ్జ్ (శబ్దాన్ని పట్టే లోపలి ముక్క) పోతే ఆర్59 అని విడిగా దొరుకుతుంది. నా దానికి నాకంటే ముందు ఇద్దరు ఓనర్లు, ఒక పక్క జాలీ నొక్కుకుపోయి చప్పిడి ముక్కులా ఉంటుంది, పాటకి మాత్రం ఏ లోటూ లేదు. ఈ కొత్త చవక కండెన్సర్లు ఒక్కసారి స్టాండ్ మీంచి పడనీ, అప్పుడు మాట్లాడుకుందాం.

ఖాళీ_డబ్బా:
ఈ "కళ్ళు మూసుకుని కొనెయ్" అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. నేనూ అలాగే కళ్ళు మూసుకునే కొన్నా. డబ్బా ఉంది, జిప్ పౌచ్ ఉంది, లోపల కాగితాలు కూడా ఉన్నాయి, ఇంటికొచ్చి పెట్టి పాడితే దుప్పటి కప్పుకుని పాడినట్టు వచ్చింది. నకిలీ! అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు. (నా పేరు వెనక కథ అదే, మిగిలింది డబ్బా ఒక్కటే.)

సరే డైనమిక్ నాకు అచ్చిరాలేదులే అని వాడేసిన కండెన్సర్ ఒకటి తీసుకున్నా. చూసిన రోజు బ్రహ్మాండంగా ఉంది, ముసురు పట్టిన రోజు పేలాలు వేగినట్టు పటపటా ఒకటే శబ్దం. ఆ రెండిటికీ తగలేసిన డబ్బు కలిపితే కొత్తదే వచ్చేది, పైగా పాడైతే వెనక్కిచ్చేవాణ్ణి. కొత్తది కొను తమ్ముడూ, చిన్నదైనా పర్లేదు.

రిపేర్_బల్ల:
నేను ఇవి విప్పి బాగుచేసే పనిలో ఉన్నా కాబట్టి నాకు ఇద్దరి మాటా సగం సగమే నిజంగా కనిపిస్తోంది. పాతదా కొత్తదా అన్నదాని కంటే ఏ రకం అన్నది ముందు చూడాలి.

డైనమిక్ పాతదైనంత మాత్రాన చెడదు, పడ్డందువల్ల, తేమవల్ల, ఇనుపరజను వల్ల చెడుతుంది. ఆఖరిది చాలామందికి తెలీదు, లోపల అయస్కాంతం ఉంటుంది కదా, ఇనుము కోసే చోటో రుద్దే చోటో మైక్ పడుంటే ఆ పొడి లోపలికి లాక్కుని డయాఫ్రమ్ మీద కూర్చుంటుంది, అప్పుడు మైక్ గొంతు జీరపోతుంది. దీనికి పరీక్ష ఏమంత కష్టం కాదు, మైక్ దగ్గరగా పెట్టుకుని మంద్రంలో "ఊఁ" అని సాగదీసి హెడ్‌ఫోన్స్‌లో వినండి. అడుగున గరగరమని రాచుకుంటున్నట్టు వినిపిస్తే కాయిల్ (ఆ తీగచుట్ట) తగులుతోందన్నమాట, పెట్టేసి వచ్చెయ్యండి. తర్వాత చెవి దగ్గర పెట్టి ఊపండి, ఏదీ కదలకూడదు. తర్వాత మైక్ తిప్పి వీపు వైపు నుంచి మాట్లాడండి, కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) కాబట్టి బాగా తగ్గాలి, ముందూ వెనకా ఒకేలా వస్తే వెనక గాలి దారులు మూసుకుపోయి ఉండొచ్చు, లేదా అసలు అది ఆ మైకే కాదు. కేబుల్ గుచ్చి కనెక్టర్‌ని కొంచెం అటూ ఇటూ ఆడించండి, టపటపమంటే అది చిన్న పనే, రేటు తగ్గించమని అడగడానికి పనికొస్తుంది.

కండెన్సర్ కథ వేరు. అందులో రేకు పూసిన పల్చటి పొర మీద విద్యుత్ ఆవేశం నిలబడాలి, దాని వెనక సర్క్యూట్ ఇంపెడెన్స్ (కరెంట్‌కి అడ్డు) చాలా చాలా ఎక్కువ, అక్కడ కాస్త తేమా దుమ్మూ చేరినా కరెంట్ లీకై పటపటలు మొదలవుతాయి. ఖాళీ_డబ్బా గారి మైక్‌కి బహుశా అదే అయ్యుంటుంది. సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో వారం ఉంచితే కొన్ని కోలుకుంటాయి, ఉమ్మి ఎండి అట్టకట్టినవి మాత్రం కోలుకోవు. ముందోడు దాన్ని ఎలా దాచాడో మనం చూడలేం కాబట్టి సెకండ్‌హ్యాండ్ కండెన్సర్ అంటే నేనైతే తెలిసినవాళ్ళ దగ్గరే కొంటా.

పాతసామాను_ప్రేమి:
అంత తతంగం ఎందుకన్నా, జేబులో మల్టీమీటర్ వేసుకెళ్ళి మైక్ అడుగున కేబుల్ గుచ్చే చోట 2, 3 పిన్నుల మధ్య ఓమ్స్ వస్తున్నాయా లేదా చూస్తే తేలిపోతుంది కదా మైక్ బతికుందో లేదో.

రిపేర్_బల్ల:
తేలదు. ఎస్ఎం58లో మీ మీటర్ చూసేది ట్రాన్స్‌ఫార్మర్ చుట్టని, డయాఫ్రమ్ మీది కాయిల్ దాని అవతలి పక్కన ఉంటుంది. కాయిల్ తెగి చచ్చిన మైక్ కూడా మీటర్‌కి నవ్వుతూ రీడింగ్ ఇస్తుంది. ఇంకోటి, రిబ్బన్ మైక్‌కి (లోపల పల్చటి లోహపు రిబ్బన్ ఉండే రకం) మాత్రం పొరపాటున కూడా మీటర్ పెట్టకండి, నోటితో ఉఫ్ అని ఊది పరీక్షించకండి, ఆ రిబ్బన్ ఊదితేనే సాగిపోతుంది.

నకిలీల సంగతి కూడా చెప్తా. మొన్న బల్ల మీదికి ఒకటొచ్చింది, బయట రంగూ అక్షరాలూ అన్నీ దించేశాడు. పిడి విప్పితే ట్రాన్స్‌ఫార్మర్ లేదు, తూకం కోసం అడుగున ఒక ఇనపముక్క జిగురుతో అంటించి ఉంది. అసలు మైక్ బరువు కంపెనీ లెక్కలో 298 గ్రాములు, అందుకే బరువు బాగా తక్కువుంటే అనుమానించాలి గానీ సరిపోయిందని నమ్మెయ్యకూడదు. విప్పేటప్పుడు మెల్లగా, లోపల తీగలు సన్నం, తెంపితే ఆ పాపం అమ్మేవాడిది కాదు మనది.

ఖాళీ_డబ్బా:
చూశారా, ఒక మైక్ కొనడానికి ఊళలు వెయ్యాలి, ఊపాలి, తిప్పాలి, విప్పాలి. నేను పాడుకోడానికి కొంటున్నానా పోస్ట్‌మార్టం చెయ్యడానికి కొంటున్నానా?

మంద్రస్థాయి:
ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న, ఆ అబ్బాయి ఎలా పాడతాడు? నేను చాలా మెల్లగా పాడతా, రాత్రిళ్ళు ఇంట్లోవాళ్ళు పడుకున్నాక. నా దగ్గర ఎస్ఎం58, ఆడియో టెక్నికా ఏటీ2020 అనే కండెన్సర్ రెండూ ఉన్నాయి. కంపెనీ కాగితాల ప్రకారం ఒకే శబ్దానికి 58 ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులైతే ఏటీ2020 ఇచ్చేది 14.1, అంటే ఏడు రెట్లు పైమాటే. చిన్న ఇంటర్‌ఫేస్‌లో డైనమిక్ పెట్టి గెయిన్ (సిగ్నల్ పెంచే నాబ్) చివరిదాకా తిప్పితే నా గొంతు వెనకాల సన్నగా "స్స్స్" వినిపిస్తుంది, గట్టిగా పాడేవాళ్ళకి ఆ బాధ ఉండదు. అందరూ ఎగబడే షూర్ డైనమిక్ ఎస్ఎం7బీ ఇంకా మొండిది, దానికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని షూర్ వాళ్ళే చెప్తారు, చవగ్గా దొరికిందని తెచ్చుకుని తర్వాత సిగ్నల్ పెంచే ప్రీయాంప్ కొనుక్కునేవాళ్ళని చూశా.

పాతసామాను_ప్రేమి:
అక్కా అది సరే గానీ బోడి గోడల గదిలో కండెన్సర్ పెడితే ఫ్యాన్, పక్కింటి కుక్క, గడియారం అన్నీ లాగేస్తుంది కదా. డైనమిక్ అయితే దగ్గరది మాత్రమే తీసుకుంటుంది.

మంద్రస్థాయి:
అందరూ అనే మాటే, నేనూ చాన్నాళ్ళు నమ్మా. ఒకరోజు రెండిటినీ పక్కపక్కన, నోటికి ఒకే దూరంలో పెట్టి పాడి, గొంతు వాల్యూమ్ రెండిట్లో సమానం చేసి విన్నా. ఫ్యాన్ రెండిట్లోనూ ఉంది, తేడా అనుకున్నంత లేదు (కండెన్సర్‌లో పైస్థాయి గాలి శబ్దం కొంచెం ఎక్కువ, అంతే). డైనమిక్‌ని పెదాలకి ఆనించి పాడతాం, కండెన్సర్‌ని జానెడు అవతల పెడతాం, అసలు తేడా అక్కడుంది. దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, ఫ్యాన్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మైక్ రకం కంటే మనం నిలబడే చోటు ముఖ్యం.

పాతసామాను_ప్రేమి:
పేపర్ మీద ఒప్పుకుంటా, చెవితో ఒప్పుకోను 🙂

రాత్రి_రికార్డింగ్:
నేను కాస్త గట్టిగానే పాడతానండి, అందుకే అన్నయ్యకి అంత కోపం. మరి ఉమ్మి సంగతి?

మంద్రస్థాయి:
జాలీ మరతిప్పి ఊడదీసి, లోపలి స్పాంజ్‌తో సహా గోరువెచ్చటి నీళ్ళలో కాస్త సబ్బు వేసి పాత బ్రష్‌తో రుద్ది కడుగు. ఒక రోజంతా ఆరబెట్టు, తడి ఒక్క చుక్క కూడా ఉండకూడదు. మైక్‌ని మాత్రం నీళ్ళ దగ్గరికి తేవద్దు. నేను మొదటిసారి కడిగినప్పుడు గిన్నెలో నీళ్ళ రంగు చూసి రెండ్రోజులు పాడలేదు, అది వేరే విషయం.

రిపేర్_బల్ల:
మైక్ ఒక్కటే కాదు కాబట్టి మిగతావి కూడా గబగబా చెప్పేస్తా. సెకండ్‌హ్యాండ్‌లో ధైర్యంగా కొనేవి: ఇనప స్టాండ్లు, డైనమిక్ మైకులు, బాస్ కంపెనీ చిన్న గిటార్ పెడల్స్ (1977 నుంచీ దాదాపు అదే లోహపు డబ్బా, స్విచ్ పోతే మార్చుకోవచ్చు), సోనీ ఎండీఆర్-7506 లాంటి హెడ్‌ఫోన్స్. ఆ హెడ్‌ఫోన్స్‌కి చెవి దిళ్ళు పొట్టు రాలుతుంటాయి, అది చూసి భయపడక్కర్లేదు, దిళ్ళు విడిగా దొరుకుతాయి. ఆలోచించి కొనేవి: పాత మిక్సర్లు, ఎందుకంటే ఫేడర్లు (జరిపే వాల్యూమ్ మీటలు) గరగరలాడితే స్ప్రేతో పోవచ్చు గానీ కెపాసిటర్లు ఎండిపోతే కూర్చుని ఒక్కోటీ మార్చాలి. వద్దనేవి: ఫైర్‌వైర్ అనే పాతకాలం కేబుల్‌తో కలిపే ఇంటర్‌ఫేస్‌లు. ఎంత మంచివైనా సరే, గుచ్చడానికి ఇవాళ్టి ల్యాప్‌టాప్‌కి ఆ రంధ్రమే ఉండదు. యూఎస్‌బీ మైక్ కూడా నాకు పడదు, పోర్ట్ వదులైతే మైక్ మొత్తం పోయినట్టే. కేబుల్ మాత్రం కొత్తది, సోల్డర్ విప్పి చూసుకోగలిగేది కొనండి.

ఖాళీ_డబ్బా:
ఇంత లిస్టు గుర్తుపెట్టుకునే బదులు వారంటీ కార్డ్ ఒకటి గుర్తుపెట్టుకుంటే చాలు అంటున్నా నేను.

రాత్రి_రికార్డింగ్:
అప్‌డేట్. నిన్న సాయంత్రం ఒక 58 చూడ్డానికి వెళ్ళా, ఇంటర్‌ఫేసూ ల్యాప్‌టాపూ హెడ్‌ఫోన్సూ మోసుకుని. బయట గీతలున్నాయి, ఊపితే చప్పుడు లేదు, వీపు వైపు బాగా తగ్గింది, పైన పాడినప్పుడు కూడా బాగానే ఉంది, అమ్మే ఆయన అప్పటికే డబ్బుల కోసం చెయ్యి చాపేశాడు. సిగ్గు పడుతూనే "ఊఁ" అన్నా. మొదట ఏమీ లేదు, ఇంకా కిందికి దిగాక గొంతులో ఈగ ఇరుక్కున్నట్టు ఒక జీర. నా గొంతే ఏమో అనుకుని ఆయన్ని కూడా అనమన్నా. ఆయనకీ వచ్చింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని పది నిమిషాలు ఊఁ ఊఁ అనుకున్నాం. సగం రేటుకి ఇచ్చేస్తానన్నాడు, రేపు చెప్తానని వచ్చేశా.

పాతసామాను_ప్రేమి:
సగం రేటంటే ఇంకా చూస్తావేంటి! తీసుకుని ఆర్59 వేయించు, లోపల కొత్త మైకే అవుతుంది.

రిపేర్_బల్ల:
ఆర్59 చవకేం కాదు, కొత్త మైక్ రేటులో పెద్ద ముక్కే. సగం రేటూ, కార్ట్రిడ్జ్ రేటూ, సోల్డర్ రాకపోతే వేసినవాడి కూలీ కలిపి చూసుకో, కొత్త 58 పక్కకి వచ్చి నిలబడతావ్. పావు రేటుకి ఇస్తే నేనే కొంటా.

ఖాళీ_డబ్బా:
ఇన్నాళ్ళకి ఈయన నా పార్టీలోకి వచ్చాడు.

రిపేర్_బల్ల:
రాలేదు. బాగున్న 58 ఇంకోటి వెతుక్కోమంటున్నా.

రాత్రి_రికార్డింగ్:
వెతుకుతానండి, తొందరేం లేదు. ఆయనే ఇందాక మళ్ళీ ఫోన్ చేశాడు, అది వద్దంటే పెద్ద బ్రాండ్ వైర్‌లెస్ సెట్ ఉంది, ఇంకా తక్కువకి ఇచ్చేస్తా అంటున్నాడు.

రిపేర్_బల్ల:
రిసీవర్ వెనక మెగాహెర్ట్జ్ ఎంత రాసుందో అడుగు ముందు. 700 దగ్గరైతే వదిలెయ్, ఆ బ్యాండ్ చాలా దేశాల్లో మొబైల్ కంపెనీలకి పోయింది, అమెరికాలో అయితే 2010 జూన్ నుంచి అందులో మైక్ వాడటమే నిషేధం, 2020లో 600 బ్యాండ్‌లో కూడా చాలా భాగం పోయింది. అందుకే అంత చవక.

ఖాళీ_డబ్బా:
దీనికి మాత్రం డబ్బా కూడా తీసుకోకు.