హైస్కూళ్లలో స్కౌట్స్ అండ్ గైడ్స్ తప్పనిసరి చేయాల్నా? సంతకం పెట్టే ముందు తేల్చుకుందాం

పాలమూరోడు:
ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల సర్కారు హైస్కూళ్లల్ల ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లలందరికీ స్కౌట్స్ అండ్ గైడ్స్ తప్పనిసరి చేయాలని ఒక అర్జీ తిరుగుతున్నది. కలెక్టర్లకు, డీఈవోలకు ఇస్తరట. నేనైతే పెట్టాలనే అంటున్న. బడి అయినంక ఫోన్ పట్టుకొని కూసునే పోరగాండ్లకు వారానికి గంటన్నర గ్రౌండుల పని దొరుకుతది. దెబ్బ తాకితే కట్టు కట్టుడు, నలుగురిని కలుపుకొని పని చేసుడు వస్తది. జాతరల్ల, పుష్కరాలల్ల ఊరికి అక్కరకొస్తరు. వద్దనేటోళ్లు కారణం చెప్పుండ్రి.

మునుగోడు మాస్టర్:
అన్నా, స్కౌట్స్ వద్దనడం లేదు, ‘తప్పనిసరి’ వద్దంటున్నాను. ముందు లెక్క చూడండి. ఒక పెట్రోల్‌లో, అంటే పిల్లల చిన్న జట్టులో, ఆరు నుంచి ఎనిమిది మంది, నాలుగు పెట్రోళ్లు కలిస్తే ఒక ట్రూప్, అంటే గరిష్ఠంగా 32 మంది. నాలుగు తరగతుల్లో 240 మంది ఉన్న బడికి ఎనిమిది యూనిట్లు కావాలి, ఎనిమిది మంది మాస్టర్లు కావాలి. వాళ్లు ఇల్లు వదిలి బేసిక్ కోర్సుకు పోయి క్యాంపులో ఉండి రావాలి. ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆపైన మాస్టర్ల పెద్ద శిక్షణకు గుర్తుగా ఇచ్చే హిమాలయ వుడ్ బ్యాడ్జి. మన బడుల్లో ఉండేది ఒక్క పీఈటీ, చాలాచోట్ల ఆ పోస్టూ ఖాళీయే. ఆర్డర్ వచ్చిందంటే జరిగేది ఒకటే: 240 పేర్ల జాబితా పైకి పోతుంది, ఆగస్టు 15కు ముందు వారం మార్చ్‌పాస్ట్ ప్రాక్టీస్ నడుస్తుంది, ఫోటో దిగుతారు. మళ్లీ జనవరి 26 దాకా స్కార్ఫులు బీరువాలోనే.

ఇంకొకటి. స్కౌట్ ప్రతిజ్ఞ మొదలయ్యేదే ‘నా గౌరవం మీద’ అని. దేవుడి మాట ఇష్టం లేనివాళ్లు ఆ చోట ధర్మం అని చెప్పుకునే వీలు కూడా భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఇచ్చింది. అంత ఆలోచించి పెట్టిన మాటను హాజరు పట్టీ చూసి చెప్పిస్తే ఇక గౌరవం ఎక్కడిది? ప్రపంచ స్కౌట్ సంస్థ నియమావళిలోనే ఇది స్వచ్ఛంద ఉద్యమం అని రాసి ఉంది.

లెక్కల సారు:
లాభం ఉంటుందని అందరూ అంటున్నారు. ఆధారం ఏ పాటిదో చూద్దాం. ఎక్కువగా చెప్పుకునేది 2016లో ఎడిన్‌బరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాల వాళ్లు చేసిన పరిశీలన. 1958 మార్చిలో బ్రిటన్‌లో పుట్టిన దాదాపు 10,000 మంది సమాచారం చూశారు. చిన్నప్పుడు స్కౌట్స్‌లోనో గైడ్స్‌లోనో ఉన్నవాళ్లకు 50 ఏళ్ల వయసులో ఆందోళన, మూడ్ సంబంధ సమస్యలు ఉండే అవకాశం మిగతావాళ్ల కంటే 15 శాతం దాకా తక్కువని తేలింది. పేద, కలిగిన ఇళ్ల పిల్లల మధ్య మానసిక ఆరోగ్యంలో ఉండే తేడా కూడా స్కౌట్స్‌లో ఉన్నవాళ్లలో దాదాపు కనిపించలేదు. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫిలడెల్ఫియా చుట్టుపక్కల కబ్ స్కౌట్లను (చిన్న తరగతుల స్కౌట్లను) రెండున్నరేళ్లు గమనించారు. సాయం చేసే గుణం, మాట మీద నిలబడడం, ఉల్లాసం లాంటివి వాళ్లలో పెరిగాయి, పోల్చడానికి తీసుకున్న పిల్లల్లో అంత మార్పు లేదు.

అయితే రెండింటిలోనూ పిల్లలు ఇష్టపడి, లేదా తల్లిదండ్రులు ఇష్టపడి చేర్చితే చేరినవాళ్లు. పిల్లల బాగోగులు పట్టించుకునే ఇల్లు స్కౌట్స్‌కూ పంపుతుంది, చదువూ చూస్తుంది. ఇంటి ఆదాయం, చదువు లాంటివి లెక్కలో సర్దినా ఈ తేడా పూర్తిగా పోదు. పైగా అక్కడ వారం వారం నడిచే ట్రూపులు. ఏడాదికి రెండు పరేడ్‌లు చేసే మన బడికి ఆ 15 శాతం అతికించడం కుదరదు. తప్పనిసరి చేస్తే ఏమవుతుందో చెప్పే ఆధారం ఈ రెండింటిలో లేదు.

పాలమూరోడు:
సార్, ఇష్టపడి చేరుడు అంటే మన దగ్గర ఎవరు చేరుతరు? టౌన్ల ప్రైవేటు బడి పిల్లలే. దసరా దాటంగనే ముంబైకో పుణెకో అమ్మానాయినతోని పోయే పిల్లగాడికి ‘ఇష్టముంటే చేరు’ అంటే ఎన్నడు చేరాలె? బ్రిటన్ల ఎక్కువ లాభం పేద పిల్లలకే అయిందని మీరే చెప్తిరి. తప్పనిసరి అంటేనే గదా ఆ పిల్లలకు అందేది.

లెక్కల సారు:
ఇది గట్టి ప్రశ్నే. కానీ వలస పోయే పిల్లవాడికి అడ్డం పడుతున్నది ఇష్టం కాదు, మధ్యలో తెగిపోవడం. స్కౌట్ ఎక్కాల్సిన మెట్లు ఇవి: ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ, తృతీయ, రాజ్యపురస్కార్, ఆపైన రాష్ట్రపతి అవార్డు. మెట్టుకూ మెట్టుకూ మధ్య నెలల గడువు ఉంటుంది. నాలుగు నెలలు బయట ఉండి వచ్చినవాడు మళ్లీ మొదటికి వస్తున్నాడు. ఆర్డర్‌తో అది తీరదు. అమ్మానాన్న వలస పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండే సీజనల్ హాస్టల్‌లో ఉంచితే తీరుతుంది. లేదా పెట్రోల్ లీడర్ దగ్గరే ఒక నోట్‌బుక్ పెట్టి, ఏ పరీక్ష ఏ తేదీన పాసయ్యాడో రాయించి, తిరిగొచ్చినప్పుడు ఆగిన చోటి నుంచి మొదలుపెట్టిస్తే తీరుతుంది.

గద్వాల గైడ్ కెప్టెన్:
మీ ఇద్దరి లెక్కల్లో ఆడపిల్లలు ఎక్కడా లేరు. గైడ్స్ అంటే ఆడపిల్లలు, వాళ్ల ట్రూప్‌ను కంపెనీ అంటారు, దాన్ని నడిపేది మహిళా కెప్టెనే. మహిళా టీచర్లు ఒకరిద్దరే ఉండి, ఇద్దరూ సాయంత్రం బస్సెక్కి టౌన్‌కు పోయే బడిలో తప్పనిసరి ఆర్డర్ అంటే మగపిల్లలకు ట్రూప్, ఆడపిల్లలకు పేరు మాత్రం. కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో మాత్రం ఇది బాగా నడవగలదు. పిల్లలు అక్కడే ఉంటారు, టీచర్లూ ఉంటారు. మొదలుపెట్టాల్సింది అక్కడ.

మామూలు బడిలో బడి అయ్యాక మీటింగ్ పెడితే పక్క ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు బస్సు పోతుందని లేచి పోతారు. మిగిలేది బడి ఊరి పిల్లలే. అందుకే శనివారం చివరి రెండు పీరియడ్లు టైం టేబుల్లో రాసి పెట్టాలి. పదో తరగతి స్పెషల్ క్లాసులకు ఆ పీరియడ్లు ఇచ్చేస్తే యూనిట్ నవంబర్‌కల్లా చచ్చినట్టే.

ఖర్చు సంగతి. మొదటి రోజే పూర్తి యూనిఫాం కొనమంటే కూలి ఇంటికి భారం. స్కార్ఫ్ ఒక్కటి చాలు. అది త్రికోణపు గుడ్డ, విరిగిన చేతికి స్లింగ్ అదే, తలకు కట్టు అదే. ప్రవేశ్ అయ్యాక దాతల సాయంతో బెల్టు, టోపీ. తాడు మనిషికి మూడు మీటర్లు, చిటికెన వేలు లావుది, నూలుది గానీ కొబ్బరి పీచుది గానీ. షాపులో దొరికే నైలాన్ తాడు నున్నగా జారుతుంది. క్లోవ్ హిచ్ అనే ముడి వేసి వదిలితే ఊడిపోతుంది, పిల్లలు తమకే రాదనుకుంటారు.

ఇక రక్షణ. అమెరికాలో బాయ్ స్కౌట్స్ సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది. పిల్లలుగా ఉన్నప్పుడు లైంగిక వేధింపులు జరిగాయని 82,000 మందికి పైగా క్లెయిములు వేశారు. అంత పెద్ద సంస్థలో దశాబ్దాలు దాగిన విషయం అది. మన దగ్గర ఏ ఆర్డర్‌లోనైనా ముందు రాయాల్సింది: క్యాంపులో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, ఆడపిల్లలుంటే ఒకరు మహిళ. పిల్లల డేరాలో పెద్దవాళ్లు పడుకోరాదు. పిల్లతో ఒంటరిగా మాట్లాడాల్సి వస్తే నలుగురికీ కనబడే చోట. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు డేరా బయట పెద్ద అక్షరాల్లో. అనుమానం వచ్చాక బడి పరువు అని ఆపితే పోక్సో చట్టం కింద చెప్పనివాళ్ల మీదే కేసు అవుతుంది.

దేవరకొండ:
జాతరల సేవ అని పాలమూరన్న మొదట్నే అన్నడు, దాని మీదనే నా అభ్యంతరం. చెర్వుగట్టు, దురాజ్‌పల్లి పెద్దగట్టు, కురుమూర్తి ఎక్కడైనా అదే కథ. 13 ఏండ్ల పిల్లలను పొద్దుగాల ఆరుకు తీస్కపోయి రాత్రి దాకా క్యూ లైన్ల తాడు పట్టిస్తరు. జనం ఒక్కసారి నెట్టిండ్రంటే ఆ తాడు పిల్లల చేతులు కోస్తది, తోపులాటల ముందు కింద పడేది వాళ్లే. అది పోలీసుల పని. ఉత్తగ దొరికిన కూలోళ్ల లెక్క వాడుకునుడు సేవ గాదు.

చేయించేది ఉంటే ఇట్ల చేయించాలె. ఇద్దరిద్దరు జంటగ, రెండు గంటల షిఫ్టు. మంచినీళ్ల కాడ, చెప్పుల స్టాండు కాడ, తప్పిపోయిన పిల్లల టెంటు కాడ మాత్రమే. జాతరలకు అడుగు పెట్టే కాడనే చిన్నపిల్లల ముంజేతి మీద అమ్మానాయిన ఫోన్ నంబరు బాల్‌పెన్నుతో రాస్తే సగం పని తప్పుతది. స్కెచ్‌పెన్ వద్దు, చెమటకు కారుతది. 2016 కృష్ణా పుష్కరాలు ఆగస్టుల వచ్చినయ్, మళ్ల 2028ల వస్తయ్. బీచుపల్లిల గానీ వాడపల్లిల గానీ ఘాటు మెట్ల మీద ఒక్క స్కౌట్‌ను నిలబెట్టొద్దని ఇప్పుడే రాసి పెట్టుకోండ్రి. మునిగేటోణ్ని చూసి ఈత రాని పిల్లగాడు దుంకితే ఇద్దరు పోతరు. గట్టు మీద ఉండి తాడు, లేకుంటే నీళ్ల క్యాన్ విసురుడు, అంతే నేర్పాలె.

పాలమూరోడు:
తాడు పట్టిచ్చే సంగతి ఒప్పుకుంటున్న. మరి ఊరికి లాభమనేది ఏది?

మునుగోడు మాస్టర్:
మా వైపు అయితే నీళ్లు. మర్రిగూడ, మునుగోడు మండలాల్లో ఫ్లోరైడ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు మా నల్లగొండ జిల్లా పేరే పెట్టారు, ఘనకార్యమో కర్మమో. మిషన్ భగీరథ నల్లా ఉన్నా ఇంకా బోరు నీళ్లు తాగే ఇళ్లు ఏవి, ఎందుకు తాగుతున్నారు అన్నది ఒక ట్రూప్ నాలుగు శనివారాల్లో తేల్చగలదు. వాడకొక పెట్రోల్, ఊరి పటం చేతితో గీయడం, ప్రతి బోరుకు ఒక నంబరు, రంగు మారే కిట్‌తో పరీక్ష. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినట్టు అనిపిస్తే అక్కడితో ఆగి, కడిగిన ప్లాస్టిక్ సీసాలో శాంపిల్ పట్టి గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌కు పంపాలి. దెబ్బతినేది ఇక్కడే. కిట్ రంగు చూసి పిల్లలు ఎవరిదో బోరుకు ఎర్ర రంగు పూస్తారు, ఆ ఇంటాయన కొట్లాటకు వస్తాడు, సర్పంచ్ యూనిట్‌నే ఆపేయమంటాడు. పంచాయతీ తీర్మానం ముందు, రంగు డబ్బా తర్వాత.

నల్లమల నీడ:
క్యాంపుల మీద ఒక మాట, ఎవరూ ఎత్తలేదు. ఒంటిపూట బడులు మొదలైనంక క్యాంప్ పెట్టొద్దు. నవంబర్, డిసెంబర్, జనవరి, అంతే. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల క్యాంప్ ఫైర్ ఆలోచనే వద్దు. ఆకు రాలే కాలంలో ఒక నిప్పురవ్వ చాలు. మన్ననూరు ఊళ్లో బడి గ్రౌండులో పెట్టుకుని, అడవికి పగటిపూట ఫారెస్ట్ వాళ్ల అనుమతితో వెళ్లి రండి.

పచ్చి వెదురుతో వాచ్‌టవర్ కట్టించి రెండు రోజులు వదలొద్దు. వెదురు ఎండి సన్నబడుతుంది, కర్రలను తాడుతో కలిపి కట్టే లాషింగ్ వదులవుతుంది, మూడో రోజు ఎక్కినవాడు పడతాడు. చతురస్ర లాషింగ్‌కు మూడు చుట్లు, మధ్యన బిగించే చుట్లు రెండు. ఆ రెండు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ.

పాము కాటుకు పాత నోట్సుల్లో ఉన్న ‘పైన తాడుతో గట్టిగా కట్టు, బ్లేడుతో కోయి’ ఇంకా చెప్పే మాస్టర్లు ఉన్నారు. అది ఆపాలి. గట్టిగా కడితే రక్తం ఆగి కాలే పోతుంది. రక్తపింజరి కాటైతే కోసిన చోట రక్తం ఆగదు. ఉంగరాలు, కడియాలు తీసేయడం, కరిచిన కాలు కదలకుండా బద్ద కట్టడం, నడిపించకపోవడం, 108కి ఫోన్ చేయడం, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రి ఏదో క్యాంప్ మొదలుకాకముందే కనుక్కుని పెట్టుకోవడం. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు. కాబట్టి దోమతెర అంచులు పరుపు కింద మడిచి పడుకోవడం ప్రతి పిల్లకూ మొదటి రాత్రే నేర్పాలి. పిల్లలు నేర్చుకుని ఇంటికి పోయి అమ్మకు చెప్పే విద్య ఇది. నా లెక్కలో ఊరికి అసలు లాభం ఇదే, పరేడ్ కాదు.

దేవరకొండ:
రైల్వే ఉద్యోగాలల్ల స్కౌట్స్ కోటా ఉందని ఆశ పెట్టి పిల్లలను చేర్పిస్తున్నరు, అది గూడ చెప్పండ్రి.

గద్వాల గైడ్ కెప్టెన్:
కోటా నిజమే. కానీ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రాష్ట్రపతి అవార్డో హిమాలయ వుడ్ బ్యాడ్జో ఉండాలి, ఏళ్ల తరబడి యూనిట్‌లో పని చేసి ఉండాలి, రాష్ట్ర, జాతీయ కార్యక్రమాలకు పోయి ఉండాలి. డబ్బులిస్తే సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్లను గేటు దగ్గరే ఆపండి.

పాలమూరోడు:
సరే, అర్జీల ‘తప్పనిసరి’ కొట్టేస్తున్న. దాని బదులు: శనివారం చివరి రెండు పీరియడ్లు టైం టేబుల్ల పెట్టాలె, ముందుగ కస్తూర్బాలు, గురుకులాలు, సీజనల్ హాస్టళ్లు, శిక్షణ అయిన టీచర్‌ను రెండేండ్లు బదిలీ చేయొద్దు, జాతర డ్యూటీకి రెండు గంటల హద్దు. కానీ ఒక్క మాట మీద నేను దిగను. బడి మొదలైన జూన్‌ల ప్రతి పిల్లకూ నాలుగు వారాలు చూపియ్యాలె, ఇష్టమా కాదా అన్నది అటెన్క అడగాలె. చూడనిదాన్ని ఇష్టమా అని అడిగితే ఏం చెప్తరు?

మునుగోడు మాస్టర్:
నాలుగు వారాలకు ఒప్పుకుంటా, ప్రతిజ్ఞ చేయించకుండా, స్కార్ఫ్ కట్టకుండా అయితేనే. బదిలీ సంగతి కలెక్టర్ చేతిలో లేదు, ఆ వాక్యం విద్యాశాఖకు వేరే కాగితం మీద రాయండి. మిగతా దానికి నా సంతకం పెట్టుకోండి.